గుండె దడ, గాభరా, తెగని దిగులు: ఆందోళన జబ్బులను గుర్తుపడదాం, ఉచిత వైద్యం పొందుదాం

ప్రభుత్వ పథకాల లబ్ధిదారుల కోసం ఆరోగ్య పాఠం

ఈ పాఠం ఎవరి కోసం?

పింఛను తీసుకునే పెద్దలు, డ్వాక్రా అక్కచెల్లెళ్లు, రైతు కుటుంబాలు, ఉపాధి హామీ కూలీలు, బడి పిల్లల తల్లిదండ్రులు, అందరి కోసం. చదవడం రాని వాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లకు చదివి వినిపించండి. ఒకేసారి చదవలేకపోతే ఫోన్లో దాచుకుని భాగాలుగా చదవండి.

బీపీ అన్నా, షుగర్ అన్నా ఇప్పుడు ఊళ్లో అందరికీ తెలుసు. నెలనెలా చూపించుకుంటున్నారు, మాత్రలు తెచ్చుకుంటున్నారు. ఆందోళన జబ్బు అంటే మాత్రం చాలామందికి తెలియదు. అందుకే గుండె దడకు గ్యాస్ మాత్ర, నీరసానికి సెలైన్, నిద్ర పట్టకపోతే మందుల షాపులో అడిగి తెచ్చుకున్న నిద్రమాత్ర, అప్పటికీ తగ్గకపోతే తాయెత్తు. చేతిలో డబ్బు అయిపోతుంది, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది.

2015-16లో బెంగళూరు నిమ్‌హాన్స్ సంస్థ 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. పెద్దవాళ్లలో 100కి దాదాపు 10 మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు అందులో తేలింది. ఆందోళన, కుంగుబాటు లాంటి సాధారణ మానసిక జబ్బులు ఉన్న 100 మందిలో 85 మందికి వైద్యమే అందడం లేదని కూడా తేలింది. ఈ జబ్బులకు మందు ఉంది, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా చూస్తారు. అయినా ఆ 85 మంది ఇంట్లోనే ఉండిపోతున్నారు. ఆ దూరం తగ్గించడానికే ఈ పాఠం.

1. భయం వేరు, భయం జబ్బు వేరు

భయం ఉండటం తప్పు కాదు. పాము కనిపిస్తే భయపడాలి. కోతకొచ్చిన వరి మీద మబ్బు పడితే రైతుకు గుబులు పుడుతుంది. పింఛను వెరిఫికేషన్ అని కబురొస్తే ఎవరికైనా కంగారే. పని అయిపోయాక, మబ్బు తేలిపోయాక ఆ కంగారు పోతుంది. ఇది జబ్బు కాదు.

ఎప్పుడు అనుమానించాలి? మూడు మాటలు అడిగి చూసుకోండి.

• ఎంత? ఉన్న కష్టానికి మించి భయం వేస్తోందా?
• ఎన్నాళ్లు? కారణం పోయాక కూడా వారాలు, నెలల తరబడి ఉంటోందా?
• ఏం ఆగింది? ఆ భయం వల్ల పని, బడి, ప్రయాణం, నిద్ర, తిండి, నలుగురితో మాట్లాడటం, వీటిలో ఏదైనా ఆగిపోయిందా?

మూడింటికీ అవును అని జవాబొస్తే అది మీ పిరికితనం కాదు. వైద్యం అవసరమైన పరిస్థితి.

2. ఒంట్లో ఏం జరుగుతుంది?

మన మెదడులో ఒక కాపలా ఉంటుంది. ఇంటి ముందు కుక్కలాగా ప్రమాదం వాసన తగలగానే అరుస్తుంది. అప్పుడు అడ్రినలిన్ అనే రసాయనం రక్తంలోకి వస్తుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఊపిరి వేగం అవుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, చెమట పడుతుంది, కడుపులో తిప్పుతుంది. పరుగెత్తడానికో, ఎదురు తిరగడానికో ఒళ్లు సిద్ధమవుతోందన్న మాట.

ఆందోళన జబ్బులో ఆ కుక్క దొంగ వచ్చినా అరుస్తుంది, ఆకు రాలినా అరుస్తుంది. అరుపు నిజం, దొంగ మాత్రం లేడు. కాబట్టి ఈ మనుషులను చూసి "ఏమీ లేదు, అంతా నీ భ్రమ" అనడం సరికాదు. గుండె దడ నిజంగానే వస్తోంది. ఊపిరి మరీ వేగంగా తీసుకున్నప్పుడు రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. తల తిరగడం, చేతివేళ్లు, పెదాలు తిమ్మిరెక్కడం అందువల్లే.

ఈ జబ్బు ఎవరికి వస్తుంది? ఎవరికైనా రావచ్చు. కుటుంబంలో ఉండటం, చిన్నప్పుడు దెబ్బలు, భయాలు అనుభవించడం, ఎడతెగని కష్టం, ఒంట్లో వేరే జబ్బులు, మద్యం, ఇవన్నీ కారణాలు కావచ్చు. మగవాళ్ల కంటే ఆడవాళ్లలో దాదాపు రెండింతలు కనిపిస్తుంది.

3. ఎన్ని రకాలు?

అన్ని ఆందోళనలూ ఒకటి కావు. మీకో, మీ ఇంట్లో వాళ్లకో ఉన్నది ఏ రకమో తెలిస్తే డాక్టరుకు చెప్పడం సులువు.

(అ) తెగని దిగులు: సాధారణ ఆందోళన రుగ్మత

పొద్దున లేస్తూనే మొదలు. కొడుకు బండి మీద వెళ్లాడు, చేరాడో లేదో. గ్రూపు కిస్తీ ఎలా. గేదె మేత మేయడం లేదేమో. అమ్మాయి ఫోన్ ఎత్తలేదేమి. ఒకటి తీరితే మరొకటి. ఆపుదామన్నా ఆగదు. ఇలా 6 నెలలు, దాదాపు రోజూ ఉంటే, దానితో పాటు నిద్ర చెడిపోవడం, ఊరికే అలసట, మెడ, భుజాలు పట్టేయడం, చిరాకు, పని మీద మనసు నిలవకపోవడం ఉంటే, ఈ రకం అనుకోవచ్చు. వీళ్లు డాక్టరు దగ్గరికి "దిగులు" అని వెళ్లరు. "ఒళ్లు నొప్పులు, నీరసం, తలనొప్పి" అని వెళ్తారు. దిగులు సంగతి కూడా చెబితేనే డాక్టరుకు అసలు విషయం తెలుస్తుంది.

(ఆ) ఉన్నట్టుండి వచ్చే గాభరా: పానిక్ రుగ్మత

ఏ కారణం లేకుండా, ఒక్కోసారి నిద్రలో కూడా, ఒక్కసారిగా గుండె దడదడ. ఛాతీ పట్టేసినట్టు, ఊపిరి ఆడనట్టు, చెమటలు, వణుకు, కళ్లు తిరగడం, "నా పని అయిపోయింది, చచ్చిపోతున్నాను" అన్న భయం. కొద్ది నిమిషాల్లోనే పతాక స్థాయికి వెళ్లి, చాలామందిలో అరగంట లోపు దిగిపోతుంది. ఈసీజీ తీస్తే బాగానే ఉంటుంది. ఇంటికొచ్చాక "మళ్లీ వస్తుందేమో" అన్న భయం పట్టుకుంటుంది. నెల రోజులు పైగా ఆ భయంతోనే బతుకుతుంటే, దానివల్ల అలవాట్లు మార్చుకుంటుంటే పానిక్ రుగ్మత అంటారు.

ముఖ్య గమనిక: ఛాతీ నొప్పి మొదటిసారి వచ్చినప్పుడు "ఇది ఆందోళనే" అని మీకు మీరు తీర్మానించుకోకండి. ముఖ్యంగా 40 ఏళ్లు దాటిన వాళ్లు, బీపీ, షుగర్, పొగతాగే అలవాటు ఉన్నవాళ్లు వెంటనే 108కి ఫోన్ చేయండి. గుండెకు ఏమీ లేదని డాక్టరు తేల్చాకే ఆందోళన మాట.

(ఇ) బయటికి వెళ్లాలంటే భయం: అగోరాఫోబియా

బస్సు, సంత, తిరునాళ్ల రద్దీ, క్యూ, ఇల్లు దాటి ఒంటరిగా వెళ్లడం. "అక్కడ గాభరా వస్తే ఎవరు దిక్కు, ఎలా బయటపడాలి" అన్నదే అసలు భయం. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీ శక్తి పథకం కింద 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది. అయినా బస్సు ఎక్కలేక పుట్టింటికి వెళ్లడం మానేసిన వాళ్లు ఉండొచ్చు. టికెట్ డబ్బులు అడ్డం కాదు, భయం అడ్డం. ఇంట్లో వాళ్లు "బద్ధకం" అనుకుంటారు. కాదు.

(ఈ) నలుగురిలో భయం: సామాజిక ఆందోళన రుగ్మత

ఇది సిగ్గు కంటే పెద్దది. గ్రూపు మీటింగులో రెండు మాటలు చెప్పాలన్నా, గ్రామసభలో లేచి అడగాలన్నా, బ్యాంకులో అందరి ముందు సంతకం పెట్టాలన్నా చేతులు వణుకుతాయి, గొంతు పూడుకుపోతుంది. "తప్పు మాట్లాడితే నవ్వుతారు" అన్న భయం. సాధారణంగా చదువుకునే వయసులోనే మొదలవుతుంది. తెలివైన పిల్లలు కూడా ఇంటర్వ్యూకు వెళ్లకుండా ఆగిపోతారు. తమకు రావాల్సినది అడగలేక పథకం పోగొట్టుకునే వాళ్లలో ఇలాంటి వాళ్లు కూడా ఉంటారు.

(ఉ) ఒకే వస్తువు మీద భయం: ఫోబియా

ఎత్తు, చీకటి, కుక్క, బల్లి, ఉరుము, సూది, రక్తం. చాలా ఫోబియాలతో సర్దుకుని బతికేయవచ్చు. సూది భయం సంగతి వేరు. గర్భిణి రక్త పరీక్ష మానేస్తుంది, షుగర్ ఉన్న తాత ఇన్సులిన్ వద్దంటాడు. మిగతా భయాల్లో బీపీ పెరిగితే, రక్తం, సూది భయంలో ఒక్కసారిగా పడిపోతుంది. అందుకే కొందరు కళ్లు తిరిగి పడిపోతారు. దీనికి ఒక తేలికైన ఉపాయం ఉంది. సూది వేయడానికి ముందు చేతులు, కాళ్లు, పొట్ట కండరాలను 10-15 సెకన్లు గట్టిగా బిగించండి. ముఖం వేడెక్కినట్టు అనిపించాక 20-30 సెకన్లు వదులు చేయండి. ఇలా 5 సార్లు. సూది వేసే చేతిని మాత్రం వదులుగా ఉంచండి. పడుకుని వేయించుకుంటానని ఏఎన్ఎంకు ముందే చెప్పండి.

(ఊ) పిల్లల్లో ఎడబాటు ఆందోళన

బడి టైమయ్యేసరికి కడుపు నొప్పి, వాంతి. సెలవు రోజున ఏమీ ఉండదు. అమ్మ కనిపించకపోతే "అమ్మకు ఏదో అయిపోయింది" అన్న భయం. చిన్న పిల్లల్లో కొన్నాళ్లు మామూలే. 4 వారాలు దాటినా తగ్గకుండా బడి మానే దాకా వస్తే చూపించాలి. తిట్టి, కొట్టి పంపడం తప్పు. అలాగని బడి మాన్పించేస్తే భయం ఇంకా గట్టిపడుతుంది. టీచరుతో మాట్లాడి, మొదట సగం పూట, తర్వాత పూర్తి పూట అలవాటు చేయాలి.

(ఋ) దగ్గరి చుట్టాలు

తలుపు గొళ్లెం పదిసార్లు చూసుకోవడం, చేతులు తోలు ఊడేలా కడుక్కోవడం: దీన్ని ఓసీడీ అంటారు. ప్రమాదమో, వరదో, దాడో చూసిన తర్వాత అదే పదేపదే కళ్ల ముందు కదలడం, కలల్లో రావడం: దీన్ని పీటీఎస్‌డీ అంటారు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ కాలనీలను ముంచింది. అలాంటివి అనుభవించిన కొందరికి వాన చప్పుడు వింటేనే గుండె ఝల్లుమనడం ఈ కోవకు రావచ్చు. ఒకప్పుడు ఈ రెండింటినీ ఆందోళన జబ్బుల్లోనే లెక్కేసేవారు, ఇప్పుడు విడిగా చూస్తున్నారు. వీటికీ వైద్యం ఉంది.

4. ముందు ఒంటిని చూపించుకోండి

కొన్ని శరీర సమస్యలు అచ్చం ఆందోళనలాగే కనిపిస్తాయి: థైరాయిడ్ ఎక్కువ కావడం, రక్తహీనత, గుండె లయ తప్పడం, షుగర్ మందు వేసుకుని తినకపోతే షుగర్ పడిపోవడం, ఆయాసం మందులు, టీ, కాఫీ మితిమీరడం, మద్యం ఒక్కసారిగా మానేయడం. అందుకే డాక్టరు మొదట బీపీ, షుగర్, హిమోగ్లోబిన్, అవసరమైతే థైరాయిడ్, ఈసీజీ చూస్తారు. మీరు వాడే మందులన్నీ, నాటు మందులతో సహా, దాచకుండా చెప్పండి. వయసు మీద పడ్డాక జీవితంలో తొలిసారి ఆందోళన మొదలైతే పరీక్షలు తప్పనిసరి.

5. ఇంట్లో కూర్చుని చూసుకునే 7 ప్రశ్నలు

డాక్టర్లు వాడే జీఏడీ-7 అనే పట్టికను ఇక్కడ మన మాటల్లో ఇస్తున్నాం. గత 2 వారాల్లో ఇవి ఎన్ని రోజులు ఉన్నాయో గుర్తు తెచ్చుకోండి. అసలు లేదు: 0. కొన్ని రోజులు: 1. సగానికి పైగా రోజులు: 2. దాదాపు రోజూ: 3.

1. మనసు కంగారుగా, ఒత్తిడిగా ఉందా?
2. ఆలోచనలు ఆపుకుందామన్నా ఆగలేదా?
3. రకరకాల విషయాల మీద మరీ ఎక్కువ బెంగ పెట్టుకున్నారా?
4. కాసేపు కూడా స్థిమితంగా సేద తీరలేకపోయారా?
5. కూర్చున్న చోట కూర్చోలేక అటూఇటూ తిరిగారా?
6. చిన్నదానికే చిరాకు, కోపం వచ్చాయా?
7. ఏదో కీడు జరగబోతోందన్న భయం వేసిందా?

మొత్తం 21లో 5 నుంచి 9 వస్తే తేలిక, 10 నుంచి 14 అయితే మధ్యస్థం, 15 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే తీవ్రం. 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే డాక్టరును కలవండి. తక్కువ వచ్చినా పని ఆగిపోతుంటే కలవండి. ఇది జబ్బును తేల్చే పరీక్ష కాదు, డాక్టరు దగ్గరికి వెళ్లాలా వద్దా అని చెప్పే గుర్తు మాత్రమే.

6. వైద్యం ఎలా ఉంటుంది?

రెండు దారులు. ఒక్కోసారి ఒకటి చాలు, ఒక్కోసారి రెండూ కావాలి.

మాటల వైద్యం: దీన్ని కౌన్సెలింగ్ అని తేలిగ్గా అనుకుంటాం. ఊరికే ధైర్యం చెప్పడం కాదిది. ఆందోళనకు ఎక్కువగా వాడేది సీబీటీ అనే పద్ధతి. భయం పుట్టించే ఆలోచనను పట్టుకుని, అది ఎంతవరకు నిజమో పరీక్షించడం, తప్పించుకుంటున్న పనిని మెల్లగా మళ్లీ చేయడం నేర్పుతారు.

తప్పించుకోవడం వల్ల భయం ఎందుకు పెరుగుతుందో చూడండి. బస్సు వచ్చింది, భయమేసి ఎక్కలేదు, వెంటనే హాయిగా అనిపించింది. "ఎక్కకపోవడం వల్లే బతికాను" అని మనసు నేర్చుకుంటుంది. రేపు భయం ఇంకాస్త పెరుగుతుంది. దీన్ని తిప్పికొట్టేది మెట్ల పద్ధతి.

• మొదటి మెట్టు: బస్టాపు దాకా నడిచి, 15 నిమిషాలు కూర్చుని రావడం.
• రెండో మెట్టు: తోడు మనిషితో ఒక్క స్టాపు వెళ్లడం.
• మూడో మెట్టు: తోడు మనిషి వెనక సీట్లో, మీరు ముందు సీట్లో.
• నాలుగో మెట్టు: ఒంటరిగా ఒక్క స్టాపు.
• ఐదో మెట్టు: ఒంటరిగా మండల కేంద్రం దాకా.

ఒక మెట్టు మీద భయం బాగా తగ్గేదాకా దాన్నే మళ్లీ మళ్లీ చేయండి, తర్వాతే పైమెట్టు. భయం మధ్యలో పెరిగినా కాసేపు అక్కడే ఉండగలిగితే దానంతట అదే దిగుతుందని ఒళ్లు నేర్చుకుంటుంది. తీవ్రమైన భయం ఉన్నవాళ్లు ఇది కౌన్సెలర్ సాయంతో మొదలుపెట్టడం మంచిది.

మాత్రలు: డాక్టర్లు ఎక్కువగా రాసేవి ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటివి. ఇవి తలనొప్పి మాత్రలా గంటలో పని చేయవు. 2 నుంచి 6 వారాలు పడుతుంది. మొదటి వారం వికారం, కాస్త కంగారు పెరగడం ఉండొచ్చు. ఇక్కడే చాలామంది "పడలేదు" అని మానేస్తారు. మానకండి, డాక్టరుకు ఫోన్ చేసి అడగండి. తగ్గాక కూడా 6 నెలల నుంచి ఏడాది వరకు వాడమంటారు. ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆ సంగతి ముందే చెప్పాలి.

ఈ ఒక్క విషయంలో గట్టిగా జాగ్రత్త: ఆల్ప్రాజోలం, క్లోనాజెపాం లాంటి మాత్రలు వేసుకున్న గంటలో హాయిగా ఉంటుంది. అందుకే షాపులో అడిగి తెచ్చుకుంటారు. కొన్ని వారాలకే అలవాటు పడిపోతాయి, ఒకటి చోట రెండు కావాలి. ఒక్కసారిగా మానితే వణుకు, నిద్రలేమి, ఫిట్స్ కూడా రావచ్చు. ముసలివాళ్లు తూలి పడి తుంటి విరగ్గొట్టుకుంటారు. ఆల్ప్రాజోలం షెడ్యూల్ హెచ్1 మందు. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మిన ప్రతిదీ విడి రిజిస్టరులో రాయాలి. తెలుగు నేల మీద కల్తీ కల్లులో కలిపి ఎన్నో కుటుంబాలను పాడు చేసిన మందుల్లో ఇదొకటి. డాక్టరు కొద్దిరోజులకు రాస్తే వాడండి. పక్కింటి వాళ్ల చీటీతో మీరు వాడకండి. ఇప్పటికే అలవాటైతే సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పండి, మెల్లగా మాన్పిస్తారు.

మద్యం: రాత్రి తాగితే గుబులు తగ్గినట్టే ఉంటుంది. తెల్లారేసరికి రెట్టింపు అవుతుంది. దాన్ని తగ్గించడానికి మళ్లీ తాగాల్సి వస్తుంది.

7. ఎక్కడికి వెళ్లాలి? ఎంత ఖర్చు?

మెట్టు 1: 14416కు ఫోన్ చేయండి. ఇది టెలి మానస్. 2022 అక్టోబరు 10న మొదలైంది. 24 గంటలూ పని చేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మొదట కౌన్సెలర్ వింటారు, అవసరమైతే మానసిక వైద్యుడికి కలుపుతారు. రేషన్ కార్డు, ఆధార్ ఏదీ చూపించనక్కర్లేదు. ఏం చెప్పాలో తెలియకపోతే "నాకు కొన్నాళ్లుగా కంగారుగా ఉంటోంది" అనండి చాలు, మిగతావి వాళ్లే అడుగుతారు.

మెట్టు 2: మీ ఊరి ఆశా కార్యకర్తకో, ఏఎన్ఎంకో చెప్పండి. గ్రామ హెల్త్ క్లినిక్‌లో బీపీ, షుగర్ చూసి పీహెచ్‌సీ డాక్టరుకు పంపుతారు.

మెట్టు 3: పీహెచ్‌సీ డాక్టరు అవసరమనుకుంటే జిల్లా ఆసుపత్రికో, ప్రభుత్వ బోధనాసుపత్రికో చీటీ రాస్తారు. అక్కడ మానసిక వైద్య విభాగం ఓపీ ఉంటుంది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో మొదలైంది. అనంతపురం పక్కనే ఉన్న బళ్లారి జిల్లాలో నిమ్‌హాన్స్ చేసిన ప్రయోగమే దానికి నమూనా. మానసిక వైద్యం పెద్ద నగరంలోనే కాదు, జిల్లాలోనే అందాలన్నది దాని ఉద్దేశం.

వెంట తీసుకెళ్లాల్సినవి: పాత చీటీలు, వాడుతున్న మాత్రల అట్టలు, జీఏడీ-7లో మీకు వచ్చిన సంఖ్య, గాభరా ఎప్పుడెప్పుడు వచ్చిందో రాసుకున్న కాగితం. మానసిక వైద్యుడు ఏ రోజుల్లో ఉంటారో ఏఎన్ఎంను ముందే అడిగి వెళ్తే ఒక రోజు కూలి పోదు.

8. గాభరా వచ్చిన ఆ పది నిమిషాలు

• ఉన్నచోటే కూర్చోండి. పరుగెత్తకండి.
• ముక్కుతో 4 లెక్కపెట్టే వరకు మెల్లగా ఊపిరి తీసుకోండి. నోటితో 6 లెక్కపెట్టే వరకు వదలండి. కొన్ని నిమిషాలు ఇలాగే.
• కళ్లకు కనిపిస్తున్న 5 వస్తువుల పేర్లు పైకి చెప్పండి. అరుగు, బిందె, వేపచెట్టు, ఏదైనా సరే.
• "ఇది గాభరా. ఇదివరకూ వచ్చింది, పోయింది. ఇప్పుడూ పోతుంది" అని మీకు మీరు చెప్పుకోండి.

ఇంట్లో వాళ్లు చేయాల్సింది: చుట్టూ మూగకండి. ఒకరు పక్కన కూర్చుని, మీరే మెల్లగా ఊపిరి తీస్తూ చూపించండి. "ఇంత చిన్నదానికేనా" అనకండి. రోజువారీగా సాయంత్రం నడక, ఒకే వేళకు నిద్ర, మధ్యాహ్నం తర్వాత టీ తగ్గించడం, ఇవన్నీ మందుకు తోడు. మందుకు బదులు కాదు.

9. మీరు అడిగే ప్రశ్నలు

ప్రశ్న: మానసిక డాక్టరుకు చూపించుకుంటే పింఛనో, రేషన్ కార్డో పోతుందా?
జవాబు: పోదు. వైద్యం తీసుకోవడం ఏ పథకానికీ అనర్హత కాదు. ఎవరైనా అలా భయపెడితే నమ్మకండి.

ప్రశ్న: ఊళ్లో తెలిస్తే పిచ్చి అంటారు. అమ్మాయి సంబంధం చెడిపోతుంది.
జవాబు: ఈ భయం ఉందని మాకు తెలుసు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. మీ జబ్బు, వైద్యం వివరాలు గోప్యంగా ఉంచడం ఆ చట్టం ప్రకారం మీ హక్కు. ప్రభుత్వ సేవల్లో మానసిక వైద్యం పొందడం కూడా హక్కే. ఎవరికి చెప్పాలో, చెప్పకూడదో మీ ఇష్టం. ఒక్కరికైనా చెప్పుకోండి. ఇంట్లో కుదరకపోతే ఫోన్లోనైనా.

ప్రశ్న: నాకు అప్పులున్నాయి. మాత్ర వేసుకుంటే అప్పు తీరుతుందా?
జవాబు: తీరదు. అప్పు ఉన్నవాళ్ల బాధంతా జబ్బేనని కూడా మేము అనడం లేదు. నిద్ర లేకుండా, చేతులు వణుకుతూ ఉన్న మనిషి బ్యాంకుకు వెళ్లి గడువు అడగలేడు, కాగితం చదవలేడు, బెదిరించే వాడికి జవాబు చెప్పలేడు. ఆందోళన తగ్గితే ఆ పనులు చేసే ఓపిక వస్తుంది. రెండూ పక్కపక్కనే నడవాలి. గ్రూపు సంఘమిత్రతోనో, బ్యాంకు మేనేజరుతోనో కిస్తీ గురించి మాట్లాడండి. లోన్ యాప్ వాళ్లు ఫోటోలు పంపుతామని బెదిరిస్తే 1930కి ఫిర్యాదు చేయండి. ఇంట్లో హింస ఉంటే మహిళల కోసం 181 ఉంది.

ప్రశ్న: గాలి సోకిందని అంటున్నారు. మంత్రం వేయించవచ్చా?
జవాబు: మీ నమ్మకం మీది. గుడికి, దర్గాకు, చర్చికి వెళ్తే మనసుకు ఊరట అనిపిస్తే వెళ్లండి. కొట్టడం, వాత పెట్టడం, కట్టేయడం, పస్తులుంచడం ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. డాక్టరు దగ్గరికి వెళ్లడం మాత్రం వాయిదా వేయకండి.

ప్రశ్న: ఒకసారి మొదలుపెడితే జీవితాంతం మందులేనా?
జవాబు: చాలామందికి కాదు. వేళకు మొదలుపెట్టి, చెప్పినన్నాళ్లు వాడితే మందు ఆపేసి మామూలుగా ఉండేవాళ్లు ఎందరో. కొందరికి మళ్లీ రావచ్చు. అప్పుడు మళ్లీ వైద్యం పని చేస్తుంది.

10. ఆలస్యం చేయకూడని సమయం

"నేను లేకపోతేనే మేలు", "ఇక బతకలేను" అన్న ఆలోచన మీకు వస్తే, లేదా మీ ఇంట్లో ఎవరి నోటనైనా వింటే, ఆ రోజే, ఆ గంటే 14416కు ఫోన్ చేయండి. ప్రాణాపాయం అనిపిస్తే 108. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. పురుగుమందు డబ్బాలు, మాత్రలు అందకుండా తీసేయండి. అడిగితే ఆలోచన పెరుగుతుందేమో అని భయపడకండి. "చనిపోవాలనిపిస్తోందా?" అని నెమ్మదిగా అడగడం వల్ల ఆలోచన పుట్టదు, బరువు దిగుతుంది. ఇప్పటికే ఏదైనా చేసుకుని ఉంటే కేసు భయంతో ఆసుపత్రి ఆలస్యం చేయకండి. 2017 చట్టం ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించి, వైద్యం, సంరక్షణ అందించాలని చెబుతోంది.

గుర్తుంచుకోవాల్సిన నంబర్లు

• టెలి మానస్: 14416 (మరో నంబరు 1800 891 4416)
• అంబులెన్స్: 108
• ఆరోగ్య సలహా: 104
• మహిళల సహాయం: 181
• పిల్లల సహాయం: 1098
• సైబర్ మోసం, లోన్ యాప్ బెదిరింపు: 1930

ఇప్పుడు చేయాల్సిన పని ఒక్కటే. 14416ను మీ ఫోన్లో "టెలి మానస్" అని సేవ్ చేసుకోండి. మీ గ్రూపులో, మీ వీధిలో కొన్నాళ్లుగా మీటింగుకు రావడం మానేసిన అక్క, బయటికి రాని బాబాయి ఎవరైనా ఉన్నారేమో గుర్తు చేసుకోండి. ఈ పీడీఎఫ్‌ను వాళ్లకు పంపి ఊరుకోకండి, వీలైతే ఇంటికి వెళ్లి "ఎలా ఉన్నారు, నిద్ర పడుతోందా?" అని అడగండి. ఆసుపత్రికి తోడు కావాలంటే ఏ రోజు వెళ్దామో అక్కడే కూర్చుని అనుకోండి.